వానకారున విజయపురి

తొలి యేకాదశి మొదలుకొని సన్న్యాసులు చాతుర్మాస్యదీక్షఁ బూని యొక్కచోటనే నివసింతురు. గృహిణులమైన మనకు దీక్ష లేకున్నను వానకారున నిల్లు కదలము. వడియములు తడియునని, పిల్లలకు జలుబు చేయునని, నోములు తప్పునని సాకులు పెక్కు గలవు. శ్రావణమాసమున మంగళవారములు గౌరీనోము, శుక్రవారము వరలక్ష్మీవ్రతము. ఇంకఁ బయనము మాట యెక్కడిది? అయినను బలనాటి సోదరీమణులకు నేను జేయు మనవి యొకటి కలదు. మన సీమలోఁ గృష్ణయొడ్డున విజయపురి యను నూరున్నది. దానిని జూడఁదలఁచినవారు శ్రావణ భాద్రపదములయందే చూడవలెను. ఎండకాలమున నచ్చటి కొండలు కాఁగిన పెనములవలె నుండును. ఎత్తిపోతల జలపాతము నూలుపోఁగువలె సన్నగిల్లును. ఇది కంటికిఁ గనఁబడు కారణము. మఱియొక కారణము కూడఁ గలదు. ఆ పురమును వెలయించిన స్త్రీల దానములకును వానకారునకును బెద్ద సంబంధమున్నది. ఆ సంగతి నీ వ్యాసమున విన్నవింతును.

ఏది విజయపురి?

విజయపురి యను పేరు నేఁడు మూఁడు చోట్లకుఁ జెల్లుచున్నది. నాగార్జునసాగరపు టానకట్టకుఁ గుడివైపున, మాచర్ల మండలములో నున్నది దక్షిణ విజయపురి. ఎడమవైపునఁ దెలంగాణమునందలి నల్లగొండ జిల్లాలో నున్నది ఉత్తర విజయపురి. ఈ రెండును ఆనకట్ట కట్టునాఁడు వెలసిన క్రొత్త యూళ్లు. వీనికిఁ బేరిచ్చిన మూఁడవ విజయపురి నీటియడుగున నున్నది. శాతవాహనుల ప్రాభవ మణఁగిన పిదప, క్రీ. శ. 3వ శతాబ్దమున, ఇక్ష్వాకు రాజులు దానిని రాజధానిగాఁ జేసికొని సుమారు నూఱేండ్లు పాలించిరి. మూఁడు వైపుల నల్లమల కొండలు, నాలుగవ వైపునఁ గృష్ణ. నడుమ విశాలమైన లోయ. ఆ లోయలోఁ గోట, బౌద్ధవిహారములు, దేవాలయములు, నదికి దిగు మెట్లు, వేలకొలఁది జనులు.

కాలక్రమమున నా పట్టణము మన్నుఁ గప్పుకొని పడియుండెను. 1926లో సూరపరాజు వేంకటరామయ్యగారను నుపాధ్యాయులు అచ్చట నొక ప్రాఁతకంబమును జూచి ప్రభుత్వమువారికిఁ దెలియఁజేసిరి. నేనును బడిపంతులుగారి యిల్లాలనే గనుక, ఈ సంగతి చదివినపుడు నాకుఁ గొంత గర్వము గలిగినది. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు దొరగారు, 1938లో టి. ఎన్. రామచంద్రన్‌గారు అచ్చటఁ ద్రవ్వించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపనము చేసిరి. లోయ మునుఁగుట నిశ్చయమైనందున 1954 నుండి 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమున నా ప్రదేశమంతయుఁ ద్రవ్వి శోధించిరి. ముఖ్యమైన కొన్ని కట్టడములను విడఁదీసి, కొండమీఁదికిని, ఒడ్డుననున్న అనుపునకును దెచ్చి మఱల నిలిపిరి. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు వదలిరి. నాఁటి కొండ, నాగార్జునకొండ, నేఁడు నీటినడుమ ద్వీపము. దానిమీఁదనే వస్తుప్రదర్శనశాల యున్నది.

ప్రయాణము

మాది నరసరావుపేట. శ్రావణమాసమున నోములకుఁ జిక్కని యొక దినమును జూచుకొని, మా వీధిలోని స్త్రీల మాఱుగురము, తోడుగా మా వారును బస్సునఁ బయలుదేఱితిమి. పిడుగురాళ్ల దాఁటువఱకు సున్నపుబట్టీల పొగ. అది దాఁటఁగానే వానకుఁ గడిగినట్లున్న పత్తిచేలు. మిరపనారు నాఁటుచు, కొంగులు నడుమునఁ జుట్టి, తలలపైఁ బట్టాలు కప్పుకొని యాఁడువారు వంగియున్నారు. దాచేపల్లి మీఁదుగా, నాయకురాలు నాగమ్మ మంత్రిత్వము నెఱపిన గురజాలఁ జేరి, అచ్చటినుండి బ్రహ్మనాయని మాచర్లకు వచ్చితిమి. మాచర్లలోఁ జెన్నకేశవస్వామి దర్శనము చేసికొని, చంద్రవంక వాగు నొకమాఱు చూచితిమి. వేసవిలో రాళ్లు దేలియుండు నా వాగు ఎఱ్ఱనీటితో నిండి పాఱుచుండెను.

ఆ చంద్రవంకయే నక్కలవాగు, తుమ్మలవాగులతోఁ గలిసి, ఎత్తిపోతలవద్ద 70 అడుగుల యెత్తునుండి దూఁకుచున్నది. గట్టుమీఁద నిలిచిన మాకుఁ జీరలు తడిసినవి. వాన వలనఁ దడిసినవో, జలపాతపుఁ దుంపరల వలనఁ దడిసినవో తెలియలేదు. క్రిందనున్న మడుగు చూచుటకు రమ్యముగా నున్నను దిగరాదు. అచ్చట మొసళ్లను బెంచు కేంద్రము గలదు. పిల్లలను వెంటఁ దీసికొనిపోవువారు ఈ మాట మఱవకుందురు గాక.

ఆనకట్టవద్ద నొక వింత గలదు. మన యింటిముందు వాన లేకున్నను గృష్ణకు వఱద రావచ్చును. ఈ నది మహారాష్ట్రమునందలి మహాబలేశ్వరమునఁ బుట్టినది. పడమటి కనుమలలోఁ గురిసిన వాన ఆలమట్టి, నారాయణపురము, జూరాల, శ్రీశైలములను నింపుకొనుచు, పిదప మన సాగరమునకు వచ్చును. నిండుమట్టము 590 అడుగులు. అంత నిండినచో 26 తలుపులలో వలసినన్ని యెత్తుదురు. ఎగువ వాన తగ్గిన యేఁట మన మెంత వేచియున్నను దలుపులు లేవవు. 2023లో నట్లే జరిగినది. 2024 ఆగస్టున మాత్రము తలుపు లెత్తిరి. దూరదేశపు మేఘముపై మన కుండలోని నీ రాధారపడియున్నదని చదువుట వేఱు, ఆ నురుఁగులయెదుట నిలిచి తెలిసికొనుట వేఱు.

మునిఁగిన యూరిమీఁద

దక్షిణ విజయపురినుండి పడవలో ద్వీపమునకుఁ బోవలెను. నీరు ఒండ్రు కలిసి కుంకుడురసపు రంగున నుండెను. సన్నని వాన పడుచుండెను. ప్రక్కవారితో మాటలాడుచున్న స్త్రీలందఱును నది నడుమకు వచ్చుసరికి మౌనము వహించిరి. మాతో వచ్చినవారిలో డెబ్బదియైదేండ్లు దాఁటిన వృద్ధురాలొకరు గలరు. వీధివారమందఱము ఆమెను బెద్దమ్మగారని పిలుతుము. ఆమె పుట్టినిల్లు ఈ లోయలోనే, పుల్లారెడ్డిగూడెమున నుండెను. ఆ యూరు సాగరమున మునిఁగినది. ఆమె పడవ యంచునఁ గూర్చుండి నీటివంక వ్రేలు చూపి యిట్లనెను:

“అమ్మాయీ, మా ఊరు ఇక్కడే. మా ఇంటి అరుగు, మా అమ్మ తులసికోట ఈ నీళ్లకిందే ఉన్నాయి. మా నూతికాడ బట్టలుతికే బండ కూడా ఈ తెల్లరాయే. దానిమీద ఏవో బొమ్మలుండేవి. బొమ్మలమీద కాలు పెట్టగూడదని మా అమ్మ దాన్ని తిరగేసి వేయించింది.”

ఆ బండ యేమైనదో యెవ్వరు చెప్పఁగలరు? అది యే స్తూపముననుండి వచ్చినదో తెలియకున్నను, అక్షరము రాని యా తల్లి చూపిన మర్యాద నాకు గొప్పదిగాఁ దోఁచినది.

ఆ తెల్లఱాయి పలనాటి సున్నపుఱాయి. లేఁత యాకుపచ్చ జాడ గల యా ఱాతిపైననే విజయపురి శిల్పులు బుద్ధుని కథలను జెక్కిరి. మన యిండ్లలో నేలకుఁ బఱచుకొను నాపరాళ్లు కూడ నీ సీమ సున్నపుఱాతి జాతివే. ప్రతిదినము మనము కడిగి ముగ్గు వేయు ఱాతికి దూరపుఁ జుట్టమొకటి ప్రదర్శనశాలలో నద్దములవెనుక నిలిచియున్నదని తలఁచినప్పుడు, ఆ శిల్పములు పరాయివిగాఁ దోఁపవు.

ఱాతిమీఁది యాఁడుపేర్లు

విజయపురి శాసనములను జదువువారికి మొదటఁ దోఁచు వింత, అందలి యాఁడుపేర్ల సంఖ్య. ఇక్ష్వాకులలో మొదటివాఁడైన శాంతమూలుఁడు అశ్వమేధము, వాజపేయము, అగ్నిష్టోమము చేసిన వైదికుఁడు. బౌద్ధవిహారములకు దానము చేసినవారు మాత్ర మెక్కువగా నతని యింటి యాఁడుపడుచులు, కోడండ్రు, మనుమరాండ్రు, పురమునందలి గృహిణులును. అందు మొదట స్మరింపఁదగినది శాంతిశ్రీ. ఈమె శాంతమూలుని సోదరి. అతని కుమారుఁడైన వీరపురుషదత్తునకు మేనత్త. తన కూఁతు నతని కిచ్చినందున నత్తగారు కూడ. మేనరికము మన కెంత ప్రాఁతదో చూడుఁడు! ఆ రాజు హర్మ్యశ్రీ యను మఱియొక మేనత్త కూఁతుండ్రను గూడఁ బెండ్లాడెను.

అచ్చటి మహాచైత్యము 106 అడుగుల యడ్డుకొలత గలది; లోపల బండిచక్రమువలె నాకులతోఁ గట్టఁబడినది. దానికి నాలుగు దిక్కులను ఐదేసి ఆయకస్తంభములు నిలిపిరి. వానిపై శాంతిశ్రీ శాసనములు చెక్కఁబడియున్నవి. వాని కాలము వీరపురుషదత్తుని యాఱవ యేఁడు, వానకారు ఆఱవ పక్షము, పదియవ దినము. నాఁడు సంవత్సరమును వేసవి, వాన, చలి యని మూఁడు కారులుగా విభజించి, కారునకు ఎనిమిది పక్షములు లెక్కించెడివారు. అనఁగా వానకారు మూఁడవ నెల చివరిపక్షమున నా దాన మొనర్పఁబడినది. మా పెద్దలవలన నేర్చుకొన్న నాటకములలో రాజు సంస్కృతము పలుకును, రాణి ప్రాకృతము పలుకును. ఈ శాసనములలో మాత్రము రాజుల మాటయు రాణుల మాటయు నొక్క ప్రాకృతమే. మేనత్తను “పితుచ్ఛా” యని వ్రాసినారు. సంస్కృతమున “పితృష్వసా” యనునది నోటనోటఁ గరఁగి యట్లైనది.

ఇంకొక విశేషము. ఈ రాజులు తల్లి గోత్రమును బేరునఁ జేర్చుకొనిరి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుఁడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుఁడు. మనము పెండ్లిండ్లలో నిచ్చు స్టీలు గిన్నెలపై, గుడిలో వేయించు పంకాలపై ఎవరి పేరు చెక్కింతుమో ఒక్కమాఱు తలఁచుకొనుఁడు. ఇచ్చినది మన చేయి యైనను బేరు సామాన్యముగా మన వారిది. పదునేడు వందల యేండ్ల క్రిందటి యాఁడువారు తమ దానముపైఁ దమ పేరు వ్రాయించుకొనుటకు సంకోచింపలేదు.

వానకారున విహార మేల?

పూర్వము బౌద్ధభిక్షువులు సంవత్సరమంతయు సంచరించెడివారు. వానలలోఁ దిరుగునప్పుడు లేఁతపైరులను ద్రొక్కుచున్నారని, చిన్నప్రాణులు నశించుచున్నవని జనులు ఫిర్యాదు చేయఁగా, బుద్ధుఁడు మూఁడు నెల లొక్కచోట నుండుఁడని విధించెను. దానికి వర్షావాసమని పేరు. ఆషాఢపూర్ణిమ మఱునాఁడు మొదలగును. ఒక్కచోట నుండవలెనన్నఁ గప్పు కావలెను, గదులు కావలెను, త్రాగునీరు కావలెను. వీనిని జూచుకొన్నవారు గృహస్థులు. శ్రావస్తియందలి విశాఖ యను గృహిణి భిక్షువులకు వానలో స్నానము చేయుటకై వస్త్రముల నిచ్చు వరమును బుద్ధుని యడిగి పొందెనని వినయపిటకము చెప్పుచున్నది. ఎదుటివాని యిబ్బందిని ముందుగాఁ గనిపెట్టుట గృహిణి లక్షణము గదా!

ఆ యాచారము నేఁటికిని నశింపలేదు. పూర్వము సయామని పిలువఁబడిన థాయిలాండులో మూన్ నది యొడ్డున ఉబోన్ రాచ్చథానీ యను పట్టణమున్నది. అచ్చట వర్షావాసారంభమున మైనముతోఁ జేసి, చిత్రముగాఁ జెక్కిన పెద్ద పెద్ద వత్తులను ఊరేఁగించి విహారముల కిత్తురు. వానకాలపు రాత్రులలో భిక్షువులు చదువుకొనుటకు వెలుఁగు కావలెనని వెనుకటివారు మొదలిడిన దానమిది. వానలో స్నానము చేయు వస్త్రముల దానమును ఆ దేశమున నేఁటికిని జేయుదురు. మన కృష్ణయొడ్డున నాఁడు జరిగిన దానికిని, దూరాన మూన్ నది యొడ్డున నేఁడు జరుగుచున్న దానికిని మూల మొక్కటే.

బోధిశ్రీ యను నుపాసిక చేసిన దానముల పట్టిక చదివిన, ఇల్లు చక్కదిద్దుకొను గృహిణి లెక్కలపుస్తకమువలె నుండును. వీరపురుషదత్తుని 14వ యేఁట నామె చిన్నధర్మగిరిపై సింహళదేశపు భిక్షువులకొఱకుఁ జైత్యగృహము గట్టించెను. ఒకచోట గది, ఒకచోట మండపము, ఒకచోటఁ జెఱువు, సింహళవిహారమున బోధివృక్షమునకు మందిరము. ఒకయూర మూఁడు గదులు, మఱియొకయూర నేడు గదులు. ఆ పుణ్యమునందుఁ దన భర్తకును, తలిదండ్రులకును, తోఁబుట్టువులకును, మఱి యితర బంధువులకును బాలు పంచెను. చివరఁ బని చేయించిన మువ్వురు భిక్షువుల పేర్లను, ఱాయి చెక్కిన విధికుఁడను శిల్పి పేరును గూడఁ జేర్పించెను. ఆమె రాణి కాదు. కూలివాని పేరు కూడ మఱవని గృహిణి.

అట్లే ఉజ్జయిని వంశమునకుఁ జెందిన రాణి రుద్రధర భట్టారిక యొక స్తంభమును, 170 దీనార మాషకములను ఇచ్చెను. వీరపురుషదత్తుని కూఁతురు కొడబలిశ్రీ యిప్పటి కర్ణాటకమునందలి వనవాసికిఁ గోడలై పోయినది. అయినను దన సోదరుఁడు ఎహువుల శాంతమూలుఁడు రాజైన పిదపఁ బుట్టినూర విహారము గట్టించినది. అత్తవారింట మహారాణియైనను బుట్టింటి యేటియొడ్డు మఱవలేదు! ఇంతలోఁ గోటలో నశ్వమేధములు, దేవాలయములలోఁ గార్తికేయుని పూజలు; కొండలపై విహారములు. అన్న వేదమార్గమున, చెల్లెలు బుద్ధమార్గమున నొక్క కుటుంబములో మనిరి. దానివలన వారి రాకపోకలకును, పిల్లనిచ్చి పుచ్చుకొనుటకును నడ్డు రాలేదు. ఇంటింట వాదములు పెరుగు కాలమున మన మీ పాఠము చదువుకొనవలసియున్నది.

లాభ నష్టములు

పలనాటి జొన్నకూటిని, నీటికొఱతను శ్రీనాథునివంటి మహాకవియే పరిహసించెను. ఆ పరిహాసమునకు బదులు చెప్పినది సాగరపుఁ గుడికాలువ. జవాహరు కాలువ యనఁబడు నిది 203 కిలోమీటర్లు పాఱి, పదునొకండు లక్షల యెకరములకుఁ బైగా నేలను దడుపుటకు నిర్మింపఁబడినది. జొన్నచేలు వరిమళ్లైనవి, మిరప, పత్తి పెరిగినవి. ఎండకాలమునఁ గాలువనీటితోఁ జెఱువులు నింపుకొను పల్లె లెన్నియో కలవు. నూతులకడఁ జేఁదలతో నడుములు విఱుచుకొన్న మా యత్తగారి తరమువారు ఈ కాలువకు నమస్కరించుటలో నాశ్చర్యము లేదు.

అయిన నా మేలునకు మూల్య మిచ్చినవారు కొందఱు కలరు. ప్రదర్శనశాలలో శాంతిశ్రీ శాసనమును నేను జదివి వినిపింపఁగాఁ బెద్దమ్మగారు మెల్లగా నిట్లనిరి: “రాణులు అదృష్టవంతులమ్మా, వాళ్ల పేరు రాతికెక్కింది. మా ఊరి పేరు, మేము పోతే ఎవరికి గుర్తుంటుంది?” మాలో నొక్కరికిని బదులు తోఁచలేదు. మునిఁగిన రాజధానిని గూర్చి పండితులు గ్రంథములు వ్రాసిరి. దానితోడనే మునిఁగిన పల్లెల ముంగిళ్లను గూర్చి వ్రాసినవా రరుదు. ఆ ముంగిళ్లలో ముగ్గులు వేసినవారు నేఁడు వృద్ధులై యున్నారు.

వెళ్లఁదలఁచినవారికిఁ గొన్ని మాటలు

వఱద మిక్కుటముగా నున్నప్పుడును, గాలి తీవ్రముగా నున్నప్పుడును బడవలు నడపరు. కావున బయలుదేఱుటకు ముందే విచారించుకొనవలెను. ఉదయముననే విజయపురిఁ జేరినఁ దొందర యుండదు. పులిహోర, దద్ధ్యోదనము వంటివి కట్టుకొని, త్రాగునీరు మఱవక తీసికొనిపోవుఁడు. నూలుచీర తడిసినచో నాఱదు. పలుచని చీరయు, మారుబట్టలును మేలు. తడిసిన నాపరాళ్లపైఁ జెప్పులు జాఱును. వృద్ధులను జేయి పట్టి నడిపింపుఁడు. తలుపు లెత్తిన దినములలో నానకట్టకడ జనసమ్మర్దము మెండు. పిల్లల చేతులు వదలరాదు. వీలైనచో అనుపుకుఁ గూడఁ బోయి, అచ్చట మఱల నిలిపిన మెట్ల రంగస్థలమును జూడుఁడు. వానలో నా మెట్లపైఁ గూర్చుండువారుండరు గనుక, దాని యాకారము చక్కగాఁ దెలియును.

సోదరీమణులారా, ప్రదర్శనశాలకుఁ బోయినపుడు బొమ్మలను మాత్రమే చూచి రాక, శాంతిశ్రీ, బోధిశ్రీ, కొడబలిశ్రీ యను పేర్లను మీ కూఁతుండ్రకుఁ జదివి వినిపింపుఁడు. ఇంటికి వచ్చిన పిదప నింకొక పని కలదు. పలనాటఁ బ్రతి యూరను, సాగరమున మునిఁగిన పల్లెలనుండి వచ్చిన ముదుసలు లొకరిద్దఱైన నుందురు. వారి ప్రక్కఁ గూర్చుండి, ఆ యూరి పేరేమి, ఎన్ని గడప లుండెను, ఏ చెట్టుక్రింద గ్రామదేవత యుండెను, నూతినీరు తీయనిదా యుప్పనిదా యని యడిగి, ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచుఁడు. నేను మా పెద్దమ్మగారి మాటలు వ్రాయ మొదలిడితిని. ఇప్పటికిఁ బదునాలుగు పుటలైనవి. ఈ పని వానకారున నింటఁ గూర్చుండియే చేయవచ్చును. నోములకును భంగము లేదు.